ఆకు చంకల్లో చెలిమెలు: మిద్దె మీద ఐదు నెలల లెక్క

ఎవరైనా ఇదే పని మొదలుపెడితే, నేను పోగొట్టుకున్న రెండు నెలలు వాళ్లకైనా మిగలాలని రాస్తున్నాను. పని చిన్నదే. ఆకు మొదట్లో, చెట్టు తొర్రలో, కోసేసిన వెదురు మోడులో నిలిచే గుక్కెడు నీళ్లలో ఏయే జీవాలు చేరతాయో హైదరాబాదు తార్నాకలోని మా ఇంటి మిద్దె మీద చూడటం. షరతు ఒక్కటే: డెంగీ దోమ ఒక్కటి కూడా అక్కడి నుంచి ఎగరకూడదు. ఆ షరతే లేకపోతే ఇంత రాయాల్సిన పనే లేదు.

మొక్కలు పట్టి ఉంచుకునే ఇలాంటి గుంటలకి 1928లో వర్గా అనే శాస్త్రవేత్త ఫైటోటెల్మా అని పేరు పెట్టాడు. మొక్క, మడుగు అనే రెండు గ్రీకు మాటలు కలిపాడు. మా అత్తమ్మ మొదటి రోజే చామ మొక్క మీదికి వంగి, "ఆకు మీద చుక్క నిలవది గని, దాని చంకల చూడు బిడ్డా, చెలిమె లెక్క ఊరింది" అంది. వాగు ఇసుకలో తోడుకునే చెలిమె. నా నోటుబుక్కులో ఆ మాటే ఉంచాను.

నేను ఒక డయాగ్నొస్టిక్ ల్యాబులో టెక్నీషియన్ని. వానాకాలం మొదలైతే పొద్దంతా డెంగీ ఎన్‌ఎస్1 పరీక్షలే. సాయంత్రం మిద్దె ఎక్కి అదే దోమ పిల్లల్ని లెక్కపెడుతుంటే మా ఆయన "ఓవర్‌టైమా?" అని అడుగుతాడు.

దశ 1: గిన్నెలు (జూన్ 11 నుంచి 30)

తెచ్చినవి: తొమ్మిదడుగుల పచ్చి వెదురు బొంగు, రైతుబజార్లో చామదుంపలు, నర్సరీలో రెండు గుజ్మానియా కుండీలు. గుజ్మానియా అమెరికా ఖండాల మొక్క, అనాసకి దగ్గరి చుట్టం. ఆకులు మొదట్లో ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని నడుమ గిన్నెలా నీళ్లు నిలుపుతాయి. చామల్ని పాత పెయింటు బకెట్లలో పాతాను.

వెదురు కోయడం:

1. కింది కణుపుకి 3 సెం.మీ. దిగువన కోయాలి. ఆ కణుపే గిన్నెకి అడుగు.
2. పై కణుపుకి 2 సెం.మీ. దిగువన కోయాలి. అప్పుడే నోరు తెరిచి ఉంటుంది.
3. హాక్సా బ్లేడు చాలు. బొంగుని తిప్పుతూ కోయాలి. ఒకే వైపు నుంచి లాగితే చివర్న పేడు లేస్తుంది.
4. అడుగు నుంచి 12 సెం.మీ. ఎత్తున చిన్న రంధ్రం. వాన ఎక్కువైతే నీళ్లు అక్కడి నుంచే పోవాలి.

మొదటి రెండు ముక్కల్నీ కింది కణుపుకి పైన కోశాను. రెండూ గొట్టాలయ్యాయి. అత్తమ్మ చేతిలోకి తీసుకుని "ఊదుగొట్టాలు మంచిగున్నయి, కట్టెల పొయ్యే లేదు" అంది. మిగిలిన ఆరింటికీ బొ1 నుంచి బొ6 దాకా పేర్లు.

లోపలి వెడల్పు 7 సెం.మీ., నీళ్ల ఎత్తు 12 సెం.మీ. లెక్క ప్రకారం 460 మి.లీ. పట్టాలి. సిరంజితో కొలిస్తే 430 వచ్చింది. లోపల కణుపు పొర చదునుగా ఉండదు, నడుమ ఉబ్బి ఉంటుంది. చామ చంకల్లో ఒక్కోదాంట్లో 4 నుంచి 11 మి.లీ. ఆ నీళ్లు తీసేటప్పుడు కాడకి సూది తగిలి రసం కారితే చేయి గంటసేపు దురద పెట్టింది. అందుకే సూది తీసేసి సిరంజికి అక్వేరియం గాలిపైపు ముక్క తగిలించాను. మీరు మొదటి రోజే తగిలించండి.

మొత్తం నీళ్లు: ఆరు బొంగుల్లో 2,580, ఇరవై రెండు చామ చంకల్లో సుమారు 150, గుజ్మానియాల్లో 210. అంటే మూడు లీటర్ల లోపే.

జూన్ 16. బొంగు నీళ్లు తెల్లగా విరిగి, కల్లు వాసన. పీహెచ్ స్ట్రిప్ 5 కన్నా కిందకి పోయింది (ఈ అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ). పచ్చి వెదురులోని చక్కెరలు నీళ్లలోకి దిగి పులుస్తున్నాయి. పారబోసి కొత్త నీళ్లు పోశాను, మూడో రోజుకి మళ్లీ అదే. నాలుగోసారికి గానీ బుద్ధి రాలేదు: బొంగులన్నీ బకెట్లో ముంచి, రోజూ నీళ్లు మారుస్తూ పది రోజులు నానబెట్టాను. తర్వాత పీహెచ్ 6 దగ్గర నిలిచింది. బొ5లో మాత్రం ఒక ఖాళీ నత్తగుల్ల వేశాను. ఈ ఆలోచన జమైకాలోని ఒక పీతది. అది బ్రొమీలియాడ్ (గుజ్మానియా, అనాసల కుటుంబం) ఆకుల నడుమ నీళ్లలో పిల్లల్ని పెంచుతుంది. తల్లి నత్తగుల్లలు ఏరి తెచ్చి ఆ నీళ్లలో పడేస్తుంది. దాంతో పులుపు తగ్గుతుంది, పిల్లల డిప్పకి కావలసిన కాల్షియం అందుతుంది. బొ5 పది రోజుల్లో 6.5కి వచ్చింది.

జూన్ 22. ఖాళీగా ఎండలో ఆరబెట్టిన బొ3, బొ6 నిలువునా చీలాయి. ఎపాక్సీ ముద్ద పెడితే వారం ఆగింది, తర్వాత మళ్లీ చెమ్మ. చివరికి చీలిక మీద పాత సైకిల్ ట్యూబు చుట్టి, పైన రెండు చోట్ల జీఐ తీగ బిగిస్తే ఆగింది. పైన గ్రీన్ షేడ్ నెట్ కట్టాను. బొంగుని ఇక ఎండనివ్వకూడదు.

ఖర్చు ఇప్పటిదాకా: వెదురు 180, గుజ్మానియాలు 700, చామదుంపలు 40, సిరంజిలు 20, పైపు 20, టీడీఎస్ (నీళ్లలో కరిగిన ఉప్పుల కొలత) మీటరు 350, పీహెచ్ స్ట్రిప్‌లు 150, తీగ 60, షేడ్ నెట్ 400. మొత్తం 1,920 రూపాయలు.

దశ 2: గుజ్మానియా పోయింది

దీని గురించి తక్కువ రాస్తాను, ఇప్పటికీ మనసుకి కష్టంగానే ఉంది. మా బోరు నీళ్ల టీడీఎస్ 840, నల్లా నీళ్లు 260, వాన నీళ్లు 18. తొందరలో బోరు నీళ్లు పోశాను. రెండు వారాల్లో ఆకుల మీద తెల్ల చారలు కట్టాయి. ఈ మొక్క వేర్లతో కన్నా ఆకు మొదట్లోని సన్నటి పొలుసులతోనే ఎక్కువ తాగుతుంది, ఉప్పు పట్టేది కూడా అక్కడే.

రెండో తప్పు దీన్ని మించింది. మొదటి కుండీని గ్రిల్లుకి కట్టడానికి ఎర్తింగ్ వైరు తొక్క ఒలిచి రాగి తీగ వాడాను. తీగ కొస నీళ్లలో మునిగి ఉంది. ఆకు మొదలు నల్లబడితే తెగులనుకుని కాపర్ ఆక్సీక్లోరైడ్ కొట్టాను. బ్రొమీలియాడ్లకి రాగి విషం. విషానికి విషం మందు వేసినట్టయింది. జులై 9న నడుమ ఆకు పట్టుకుంటే ఊడి చేతికొచ్చింది.

మార్పు: రెండోదానికి వాన నీళ్లే, కట్టడానికి పాత చున్నీ పేలిక. ఏసీ నుంచి కారే నీళ్ల టీడీఎస్ 12 అని మీటరు చూపిస్తే సంబరపడకండి. చాలా ఏసీల్లో అవి రాగి గొట్టాల మీంచి జారి వచ్చేవే.

దశ 3: ఆదివారం పారబోత (జులై 7 నుంచి ఆగస్టు 11)

వారానికోసారి నిల్వ నీళ్లు పారబోయాలి. ఈ ఊళ్లో చిన్న పిల్లలకి కూడా తెలిసిన మాట. నేనూ అదే చేశాను. ప్రతి ఆదివారం బొంగులు వంచి, తెల్ల ప్లేట్లో లార్వాలు (నీళ్లలో ఈదే దోమ పిల్లలు) లెక్కపెట్టి, ప్లేటు మీద మరిగే నీళ్లు పోసి, బొంగుల్లో మళ్లీ నల్లా నీళ్లు నింపాను. ఐదు బొంగుల లెక్క:

జులై 14: 212
జులై 21: 240
జులై 28: 198
ఆగస్టు 4: 187

చంపిన మొత్తం: 837. తగ్గే సూచనే లేదు. వేరే జీవి ఒక్కటీ లేదు. నేను చూడాలనుకున్న చెలిమె కాదది, దోమల హాస్టల్.

ఐదే ఎందుకంటే, ట్యాంకు వెనక పెట్టిన బొ5ని నాలుగు వారాలు పూర్తిగా మరిచిపోయాను. ఆగస్టు 4న గుర్తొచ్చి, గుండె దడదడలాడుతూ తీసి చూశాను. లార్వాలు 9. అడుగున కుళ్లిన చింతాకు. అందులో ఎర్రటి దారప్పోగుల్లాంటి పురుగులు 6. అవి కుట్టని మిడ్జ్ ఈగల పిల్లలు, ఒంట్లో హీమోగ్లోబిన్ ఉండబట్టి ఎరుపు. ఇక గింజల్లాంటి ఆస్ట్రాకాడ్లు యాభైకి పైనే. ఆవగింజలో సగం ఉంటాయి. రెండు చిప్పల మధ్య నుంచి కాళ్లు బయటపెట్టి, ఎవరో విసిరేసినట్టు గుండ్రంగా తిరుగుతాయి. మొదట్లో ఈ బొంగులో చామదుంపలు కడిగిన మట్టి నీళ్లు పోసినట్టు గుర్తు, వాటితోనే వచ్చి ఉంటాయి.

బొ5 అమాయకురాలేం కాదు. నీళ్ల మీద 14 ప్యూపా (లార్వా దోమగా మారే ముందు దశ) పొట్టులు తేలుతున్నాయి. అంటే 14 దోమలు ఎగిరిపోయాయి. వదిలేయడం కూడా మందు కాదన్నమాట. కానీ ప్రతి వారం కడిగిన బొంగుల్లో ఒక్కోదాంట్లో సగటున నలభై, కడగనిదాంట్లో తొమ్మిదా?

ఒక పరీక్ష చేశాను:

1. ఆగస్టు 4న బొ2 ఖాళీ చేసి, కడగకుండా, నీడలో ఆరబెట్టాను.
2. మూతికి ల్యాబులో వాడే పలచటి కట్టు గుడ్డ రెండు మడతలు కట్టాను. దోమ దూరే సందు లేదు.
3. ఆగస్టు 11 పొద్దున 8కి గుడ్డ మీంచే వాన నీళ్లు పోశాను.
4. సాయంత్రం 6కి విప్పాను.

నీళ్లలో 31 లార్వాలు, వెంట్రుక ముక్కల్లా.

టార్చి వేసి, పది రెట్ల భూతద్దంతో లోపలి గోడ చూశాను. పాత నీటి గీతకి వేలెడు పైన వెదురు పీచుల వెంబడి నల్లటి చుక్కలు, నువ్వు గింజ కన్నా చాలా సన్నం, ఎవరో పెన్ను కొసతో పొడిచినట్టు. ఒకచోట 43 లెక్కపెట్టి ఆపేశాను. డెంగీ మోసే ఏడిస్ దోమ గుడ్లు నీళ్లలో కాదు, నీటి అంచుకి పైన తడి గోడకి అంటిస్తుంది. అవి ఎండినా నెలల తరబడి చావవు, నీళ్లు తగిలితే పొదుగుతాయి. నేను ప్రతి ఆదివారం పారబోసింది వాటితో పోటీపడే జీవాల్ని. గుడ్లు మాత్రం గోడకే ఉన్నాయి. పైగా నల్లా తిప్పి నేనే వాటిని లేపాను. పారబోయమనే మాట తప్పు కాదు. పారబోసి, గోడ తోమి, మళ్లీ నింపకుండా ఉండమని అర్థం. నేను సగమే చేశాను.

చంపిన మొత్తం: 868.

ఆగస్టు 20. బేగంపేట మీదుగా పోతుంటే గుర్తొచ్చింది. 1897లో ఇదే రోజు రొనాల్డ్ రాస్ ఇక్కడే దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. లార్వాల నుంచి పెంచిన దోమలతో హుస్సేన్ ఖాన్ అనే రోగిని కుట్టించి, కాటుకి అణా చొప్పున ఇచ్చాడు. నా నోటుబుక్కులో జమాఖర్చు చూస్తే ఆయన నవ్వడు. ఆయనవి అనాఫిలిస్, వాటి లార్వాలు నీటి ఉపరితలానికి సమాంతరంగా పడుకుంటాయి, ఊపిరి గొట్టం ఉండదు. నావి తలకిందులుగా వేలాడతాయి, గొట్టం పొట్టిగా ఉంటుంది. గొట్టం సన్నగా పొడుగ్గా ఉంటే క్యూలెక్స్ అనే వేరే రకం దోమ. తెల్ల ప్లేటు ఉంటే ఈ తేడా మామూలు కంటికే అందుతుంది.

దశ 4: పారబోయకు, వడకట్టు (ఆగస్టు 15 నుంచి సెప్టెంబరు 8)

ఈ మాట అత్తమ్మది. చిన్నప్పుడు వాళ్లూళ్లో దిగుడుబావి నీళ్లు పాత ధోవతి మడతలో వడకట్టి తాగేవాళ్లట, నారికురుపు (గినియా పురుగు రోగం) భయానికి. "నీళ్లు పారబోస్తరా ఎవరన్న? పురుగును తీసి నీళ్లు తాగేటోళ్లం" అంది.

నాలుగు రోజులకోసారి:

1. పైపుతో నీళ్లన్నీ తెల్ల ప్లేట్లోకి తీయాలి. లెక్క రాయాలి.
2. గోడ మీద, నీటి గీతకి పైన 4 సెం.మీ. దాకా పాత టూత్‌బ్రష్‌తో తోమాలి. ఆ తోమిన నీళ్లు వేరే గిన్నెలో పట్టి మరిగే నీళ్లు పోయాలి.
3. ప్లేటులోని నీళ్లు టీ జాలీలోంచి వంచి, అవే నీళ్లు మళ్లీ బొంగులో పోయాలి. అడుగు చెత్త కూడా.
4. జాలీలో చిక్కిన ఎర్ర పురుగుల్ని పెయింటు బ్రష్ కొసతో తీసి వెనక్కి వేయాలి. మిగిలినవి మరిగే నీళ్లలోకి.

జాలీ విషయంలో పొరపాటు: మొదట స్టీలు జాలీ వాడాను. అది మరీ సన్నం, ఆస్ట్రాకాడ్లు కూడా ఆగిపోయాయి. రెండు విడతల్లో బొ5 జనాభా సగమైంది. తర్వాత బండ కళ్ల ప్లాస్టిక్ జాలీకి మారాను. పెద్ద లార్వాలు, ప్యూపాలు ఆగుతాయి, చిన్నవి జారిపోతాయి. జారినవి నాలుగు రోజుల్లో పెద్దవై వచ్చే విడతకి చిక్కుతాయి. అందుకే నాలుగు రోజులు. వారం ఆగితే అవే ఎగురుతాయి.

ఆరు బొంగుల లెక్క, విడతల వారీగా: 126, 104, 91, 83, 74, 70, 63. కూడితే 611. చంపిన మొత్తం: 1,479. ఖర్చు: జాలీలు 75, ప్లేటు 25. మొత్తం 2,020 రూపాయలు.

ఆగస్టు 23. కింద ఓనర్ ఆంటీ మనవడికి జ్వరం. ఆమె నేరుగా మిద్దె మీదికే వచ్చింది. "ఏందమ్మా ఇది, నువ్వే ల్యాబుల చేస్తవు, నువ్వే దోమలు పెంచుతవా? అన్ని తీసేయ్" అంది. కోపం న్యాయమైనదే. ఆ సాయంత్రం పిల్లాడి ఎన్‌ఎస్1 నెగటివ్ వచ్చింది, మామూలు వైరల్. అయినా నా పని ఆమె ఇంటి నెత్తి మీద జరుగుతోంది. ప్రతి విడతా ప్లేటు ఆమెకి చూపించాకే వడకడతానని ఒప్పుకున్నాను. రెండో విడతకి ఆమే తన ఫ్రిజ్ వెనక ట్రే తీసుకొచ్చింది. అందులో 17. అవి నా లెక్కలో కలపలేదు.

చామ చంకల గురించి ఒక మాట. ఇరవై రెండింట్లో లార్వాలు కనిపించినవి ఐదే. వాన లేకపోతే రెండు రోజుల్లో ఎండిపోతాయి, వాన పడితే పొంగి కొట్టుకుపోతాయి. ఒక్క దోమ కూడా అక్కడ ప్యూపా దాకా రాలేదు.

దశ 5: బావి నుంచి సైక్లోప్స్ (సెప్టెంబరు 12 నుంచి)

వికారాబాద్ దగ్గర మా ఆయన వాళ్ల వ్యవసాయ బావి నుంచి రెండు లీటర్ల సీసాలో నీళ్లు తెచ్చాను. అందులో సైక్లోప్స్ అనే చుక్కంత నీటి జీవులు. ఒంటికన్ను, కుదుపులు కుదుపులుగా ఈత, ఆడవాటి తోకకి రెండు వైపులా గుడ్ల సంచులు. వీటిలో మీసోసైక్లోప్స్ అనే రకం అప్పుడే పొదిగిన దోమ లార్వాల్ని తింటుంది. వియత్నాంలో వీటిని నీళ్ల తొట్లలో వదిలి ఏడిస్‌ని అదుపు చేశారు.

అత్తమ్మ సీసా చూసి ముఖం మాడ్చుకుంది. "నారికురుపు పురుగు మోసేది ఇదే గద?" నిజమే, ఆ పురుగు పిల్ల సైక్లోప్స్ కడుపులోనే పెరిగేది. దేశంలో చివరి కేసు 1996లో. 2000లో నారికురుపు లేని దేశంగా ప్రకటించారు. ఆ సంగతి చెప్పాను. "అయినా తాగే నీళ్ల దగ్గర పెట్టకు" అంది. పెట్టలేదు.

బొ1, బొ2, బొ3లో నలభై చొప్పున వదిలాను. బొ4, బొ5, బొ6లో వదలలేదు. పెద్ద లార్వాల లెక్క (సైక్లోప్స్ ఉన్నవి / లేనివి):

సెప్టెంబరు 16: 27 / 31
సెప్టెంబరు 20: 19 / 28
సెప్టెంబరు 24: 8 / 33
సెప్టెంబరు 28: 5 / 26
అక్టోబరు 2: 4 / 29

చంపిన మొత్తం: 1,689.

సెప్టెంబరు 21 రాత్రి వాచ్‌గ్లాసులో ఒక చుక్క వేసి చూశాను. పొదిగిన లార్వా సైక్లోప్స్ కన్నా పొడుగు. అయినా సైక్లోప్స్ పక్క నుంచి వచ్చి, లార్వాని తోక దగ్గర పట్టి, చెరుకు గడ కొరికినట్టు కొంచెం కొంచెంగా లాక్కుంది. లార్వా మూడుసార్లు విదిలించుకుంది. నాలుగోసారి కదల్లేదు. పెద్ద లార్వాల జోలికి మాత్రం పోలేదు, అందుకే జాలీ మానకూడదు.

జాలీ మానేస్తే ఏమవుతుందో దసరా చూపించింది. ఊరెళ్లి అక్టోబరు 14న వచ్చాను, రెండు విడతలు తప్పాయి. తేలుతున్న ప్యూపా పొట్టులు: బొ1 నుంచి బొ3 దాకా ఒక్కటీ లేదు. బొ4 నుంచి బొ6 దాకా 11. పదకొండు దోమలు. ఆంటీకి చెప్పాను, దాచలేదు. ఆమె ఏమీ అనకుండా ఫ్రిజ్ ట్రే కడగడానికి వెళ్లింది. మర్నాడే ఆరింట్లోనూ సైక్లోప్స్ వదిలాను. గుజ్మానియాలో వదిలినవి మూడో రోజుకే కనబడలేదు. దీనికి రాగి తీగ లేదు గానీ ఈ మొక్క మీద కూడా ఆ కాపర్ తుంపర పడిందని అప్పుడు గుర్తొచ్చింది. నీళ్లు మూడుసార్లు వాన నీళ్లతో మార్చాను, నవంబరులో మళ్లీ వదులుతాను.

అక్టోబరు 29. బొ5లో కొత్త ప్రాణి. ఒళ్లు ఒకటిన్నర సెం.మీ., బురద రంగు, వెనక తోకలాంటి గొట్టం. ఎలుకతోక పురుగు, ఒక రకం హోవర్ ఈగ పిల్ల. అది చెత్తలో అడుగునే ఉండి గొట్టం కొసని నీటి పైకి చాపి ఊపిరి తీసుకుంటుంది. గాజు గ్లాసులోకి మార్చి, సెంటీమీటరు చొప్పున నీళ్లు పెంచుతూ స్కేలు పెట్టి కొలిచాను. 3 సెం.మీ. లోతులో గొట్టం కొస పైకి అందింది. 4లో అందింది. 5లో అందింది, యాంటెన్నా లాగినట్టు లోపలి నుంచి ఇంకో సన్నటి గొట్టం బయటికొచ్చింది. ఆంటీ నా భుజం మీంచి చూస్తూ "ఇంకొంచెం పొయ్యి" అంది. 7 దగ్గర అది గొట్టం ముడుచుకుని గ్లాసు గోడ ఎక్కడం మొదలుపెట్టింది.

ప్యూపా అవడానికి ఈ పురుగు నీళ్లు వదిలి పొడి మట్టిలోకి పోతుంది. బొ5 అంచు నుంచి పక్కన మట్టి డబ్బాలోకి ఒక వెదురు పుల్ల ఆనించాను. రాత్రి 9కి చూశాను, ఇంకా బొంగులోనే ఉంది.